డ్రాగన్ ఎవరిది? క్రీచర్‌ను లాక్కునే కార్డు చుట్టూ ఉన్న చిక్కులు

సంక్షిప్తంగా: మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ‘యాక్ట్ ఆఫ్ ట్రీజన్’ లాంటి కార్డులు ఎదుటివారి క్రీచర్‌ను, అంటే వారి తరఫున పోరాడే జీవి కార్డును, మన చేతికి ఇస్తాయి, మన సొంతం మాత్రం చేయవు. ఓనరు వేరు, కంట్రోలర్ వేరు అన్న సంగతి మరిచిపోవడం వల్లే ఈ కార్డుల మీద వాదనలు ముదురుతాయి. ఈ ఇద్దరి మధ్య ఉన్న సందులోంచే కాంబోలు (కార్డులను కలిపి వేసే ఎత్తులు) పుడతాయి. గడువు గురించి కార్డు మీద రాసిన నాలుగు మాటలు చదివితే చాలా ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.

ఒకే ఇల్లు, ఇద్దరికీ ‘మా ఇల్లే’

తిరుపతిలో బాడుగకు ఉన్నవాళ్లను ఎక్కడుంటారని అడిగితే ‘మా ఇల్లు భవానీ నగర్‌లో’ అంటారు. ఆ ఇంటి ఓనరును అడిగినా అదే ఇంటిని ‘మా ఇల్లు’ అనే చెబుతాడు. ఇద్దరిదీ అబద్ధం కాదు. తాళం ఒకరి దగ్గరుంది, పత్రాలు ఇంకొకరి దగ్గరున్నాయి. తెలుగులో ‘మాది’ అన్న మాట ఈ రెంటినీ విడదీయదు. రోజువారీ మాటల్లో విడదీయాల్సిన అవసరమూ పెద్దగా రాదు.

మ్యాజిక్ ఆటలో మాత్రం వస్తుంది. డెక్‌లో, అంటే తన కార్డుల కట్టలో, ఏ కార్డు ఎవరు పెట్టుకుని ఆట మొదలుపెట్టారో వారే ఆ కార్డుకు ఓనరు. ఆట ముగిసేదాకా అది మారదు. టేబుల్ మీదికి వచ్చాక ఆ కార్డుతో ఎవరు ఆటాక్ చేయొచ్చు, ఎవరు బ్లాక్ చేయొచ్చు, దాని శక్తులను ఎవరు వాడొచ్చు అన్నది కంట్రోలర్ విషయం. మామూలుగా ఓనరే కంట్రోలర్ కాబట్టి పది ఆటలు ఆడినా ఈ తేడా కంటపడదు. ఎదుటివారి క్రీచర్‌ను లాక్కునే కార్డు ఒకటి పడ్డప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. ఈ కార్డులు తెలుగులో అచ్చు కావు. ‘గెయిన్ కంట్రోల్’ అన్న మాటను చదివినవారు తమలో తాము ‘ఇది ఇక నాది’ అని చెప్పుకుంటారు. తంటా అక్కడే మొదలవుతుంది.

బాడుగ పోలికకు ఒక మినహాయింపు ఉంది, అది చిన్నది కాదు. నిజం ఇంట్లో బాడుగకున్నవారు గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. మ్యాజిక్‌లో బాడుగకున్నవాడు ఇల్లు మొత్తం పడగొట్టేసి వెళ్లిపోవచ్చు, ఓనరు చూస్తూ ఉండాల్సిందే. ఈ కార్డుల బలమంతా ఆ ఒక్క వెసులుబాటులోనే ఉంది.

కార్డు అసలేం చెబుతోంది

రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆట 1993లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ద్వారా వచ్చింది. మొదటి సెట్‌లోనే ‘కంట్రోల్ మ్యాజిక్’ అనే నీలం రంగు కార్డు ఉంది. 4 మానా ఖర్చు. మానా అంటే కార్డు వేయడానికి కట్టే మూల్యం, ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది. క్రీచర్‌కు అతికించుకునే ఆరా అది. ఆరా ఉన్నంతకాలం ఆ క్రీచర్ ఆరా వేసినవారి చేతిలో ఉంటుంది. ఎరుపు రంగుకు దక్కింది మాత్రం తాత్కాలికంగా లాక్కోవడమే. 2002లో ఆన్‌స్లాట్ సెట్‌తో ‘థ్రెటెన్’ వచ్చింది. 2009లో మ్యాజిక్ 2010 సెట్‌తో దాదాపు అదే పని చేసే ‘యాక్ట్ ఆఫ్ ట్రీజన్’ వచ్చింది. తర్వాత చాలా సెట్లలో మళ్లీ మళ్లీ అచ్చయింది కాబట్టి కొత్తగా ఆడేవారికి మొదట తగిలే దొంగ కార్డు సాధారణంగా ఇదే.

యాక్ట్ ఆఫ్ ట్రీజన్ ఖర్చు 3 మానా, అందులో ఒకటి ఎరుపు. సోర్సరీ అనే రకం కార్డు కాబట్టి తన టర్న్‌లో, ఆటాక్‌కు ముందో తర్వాతో వచ్చే మెయిన్ ఫేజ్‌లో మాత్రమే వేయాలి. అది చేసే పనులు మూడు. ఒక క్రీచర్‌ను టార్గెట్ చేసి ఈ టర్న్ ముగిసేదాకా దాని కంట్రోల్ తీసుకుంటుంది. దాన్ని అన్‌ట్యాప్ చేస్తుంది, అంటే వాడేశాక అడ్డంగా తిప్పి (ట్యాప్ చేసి) ఉన్న కార్డును నిలువుగా పెట్టి మళ్లీ వాడకానికి సిద్ధం చేస్తుంది. టర్న్ ముగిసేదాకా దానికి హేస్ట్ ఇస్తుంది. మూడో పని లేకపోతే కార్డు దండగ. ఒక క్రీచర్ ఆటాక్ చేయాలంటే, లేదా ట్యాప్ గుర్తు ఉన్న శక్తిని వాడాలంటే, ఆ టర్న్ మొదలైనప్పటి నుంచి తెగకుండా మన కంట్రోల్‌లో ఉండాలి. ఆటగాళ్లు దీన్ని ‘సమనింగ్ సిక్‌నెస్’ అంటారు. ఇప్పుడే లాక్కున్న క్రీచర్‌కూ ఇది వర్తిస్తుంది. హేస్ట్ ఉంటే ఈ అడ్డు తొలగుతుంది. కంట్రోల్ మ్యాజిక్ హేస్ట్ ఇవ్వదు. అందుకే దాంతో తీసుకున్న క్రీచర్ ఆ టర్న్‌లో ఆటాక్ చేయలేదు, ఎదుటివారి టర్న్‌లో బ్లాక్ మాత్రం చేయగలదు.

మన ఊళ్ల ఆటల్లో దీనికి సరిగ్గా సరిపోయేది లేదు. పులిజూదంలో పులి మేకను దాటితే ఆ పావు పక్కకు పోతుందే కానీ పులి తరఫున ఆడదు. గోలీలాటలో గెలిచిన గోలీ నేరుగా జేబులోకి పోతుంది, ఇక వెనక్కి రాదు. విచిత్రమేమంటే మ్యాజిక్‌కూ మొదట్లో గోలీల పద్ధతి ఉండేది. ‘ఆంటీ’ అనే నియమం ప్రకారం ఇద్దరూ డెక్‌లోంచి తలా ఒక కార్డు పందెం పెట్టేవారు, గెలిచినవారు రెండూ ఇంటికి పట్టుకెళ్లేవారు. 1994 నాటి ‘బ్రాంజ్ టాబ్లెట్’, ‘టెంపెస్ట్ ఇఫ్రీట్’ లాంటి కార్డులు ఓనరునే మార్చేసేవి. పందెం కార్డులన్నీ అధికారిక పోటీల్లో నిషేధం. ఇప్పుడు మామూలుగా ఆడే ఏ కార్డూ ఓనరును మార్చదు, కంట్రోలర్‌నే మారుస్తుంది.

ఒక టర్న్‌ను దగ్గరగా చూస్తే

తిరుపతిలో ఒక హాస్టల్ గది అనుకుందాం. మంచం మీద టవల్ పరిచి ఒక సీనియర్, ఒక జూనియర్ ఆడుతున్నారు. జూనియర్ 6 మానా కూడబెట్టి ‘శివాన్ డ్రాగన్’ను దించాడు. ఎగిరే 5/5 (కొట్టే బలం 5, తట్టుకునే బలం 5) క్రీచర్. అతని లైఫ్, అంటే ప్రాణం లెక్క, ఇంకా 20. బ్లాక్ చేయడానికి వేరే క్రీచర్ లేదు. సీనియర్ టేబుల్ మీద నాలుగు ల్యాండ్‌లు, చేతిలో యాక్ట్ ఆఫ్ ట్రీజన్‌తో పాటు ‘విలేజ్ రైట్స్’ అనే నల్ల కార్డు ఉన్నాయి. ఈ విలేజ్ రైట్స్ ఖర్చు 1 మానా, దానికి తోడు ఒక క్రీచర్‌ను బలి ఇవ్వాలి. బదులుగా రెండు కార్డులు తీసుకోవచ్చు.

సీనియర్ మొదటి మెయిన్ ఫేజ్‌లో 3 మానాతో యాక్ట్ వేస్తాడు. డ్రాగన్ ఇటువైపు తిరుగుతుంది. ఆటాక్ చేస్తే జూనియర్ లైఫ్ 15కి దిగుతుంది. కంబాట్ అయ్యాక మిగిలిన 1 మానాతో విలేజ్ రైట్స్ వేసి డ్రాగన్‌నే బలి ఇచ్చి రెండు కార్డులు తీసుకుంటాడు.

“అన్నా, టర్న్ అయిపోతే నా డ్రాగన్ నాకు రావాల కదా?”

“వచ్చింది కదరా, నీ గ్రేవ్‌యార్డ్‌లోకి.”

మాట వెటకారమే కానీ రూల్ ప్రకారం సీనియర్ చెప్పింది అక్షరాలా సరైనది. బలి ఇచ్చే హక్కు కంట్రోలర్‌ది. బలి అయిన కార్డు పోయేది మాత్రం ఓనరు గ్రేవ్‌యార్డ్‌కే, అంటే చచ్చిన, వాడేసిన కార్డుల కుప్పకే. గ్రేవ్‌యార్డ్, చేయి, లైబ్రరీ (ఇంకా తీయాల్సిన కార్డుల కట్ట) ఈ మూడింటిలో దేనికి పోవాల్సి వచ్చినా కార్డు తన ఓనరు దగ్గరికే పోతుంది. డ్రాగన్ సీనియర్ గ్రేవ్‌యార్డ్‌లో పడే పరిస్థితే లేదు.

లెక్క చూస్తే కార్డు విలువ ఎక్కడుందో తెలుస్తుంది. యాక్ట్ ఒక్కటే వేసి ఊరుకుంటే సీనియర్ ఒక కార్డు ఖర్చుపెట్టి 5 డ్యామేజ్ కొట్టినట్టు. డ్రాగన్ వెనక్కి పోయి తర్వాతి టర్న్‌లో అతని మీదికే వస్తుంది. విలేజ్ రైట్స్ తోడైతే రెండు కార్డులు పెట్టి రెండు తీసుకున్నాడు, 5 డ్యామేజ్ కొట్టాడు, పైగా 6 మానా డ్రాగన్‌ను వదిలించుకున్నాడు. అన్నీ కలిపి 4 మానాకే.

జూనియర్‌కు తప్పించుకునే దారి ఉందా అంటే, ఉంది కానీ సరైన సమయంలో వాడాలి. యాక్ట్ ఇంకా అమలు కాకముందే, రెస్పాన్స్‌గా, తన డ్రాగన్‌ను తనే బలి ఇచ్చుకుంటే టార్గెట్ మాయమై యాక్ట్ వృథా అవుతుంది. అమలైన తర్వాత డ్రాగన్ అతనిది కాదు కాబట్టి బలి ఇవ్వలేడు, చంపే స్పెల్ (మంత్రం కార్డు) ఉంటే తన డ్రాగన్‌ను తనే కొట్టుకోవాలి. సీనియర్ విలేజ్ రైట్స్ బయటికి తీశాక చేయగలిగింది ఏమీ లేదు. అక్కడ బలి అనేది స్పెల్ ఫలితం కాదు, స్పెల్ వేయడానికి కట్టే ఖర్చు. ఆ స్పెల్‌ను కౌంటర్ చేసినా, అంటే అమలు కాకుండా రద్దు చేసినా, డ్రాగన్ అప్పటికే పోయి ఉంటుంది. కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఈ చోటే. ‘నీ స్పెల్ కౌంటర్ చేశా, నా క్రీచర్ నాకు ఇచ్చెయ్’ అంటే కుదరదు.

పడగొట్టే కాంబోలు

దీన్నిబట్టి కాంబోల సూత్రం తేలికగా పట్టుబడుతుంది. తిరిగి ఇచ్చేలోపు దాన్ని ఏదో ఒకదానికి మార్చుకోవాలి. దేనికి మార్చుకుంటామన్నదే డెక్‌కూ డెక్‌కూ తేడా. ‘ఫ్లింగ్’ 2 మానా కార్డు. క్రీచర్‌ను బలి ఇచ్చి దాని పవర్ అంత డ్యామేజ్ కొడుతుంది. పై ఉదాహరణలో విలేజ్ రైట్స్ బదులు ఫ్లింగ్ ఉంటే, ఇంకొక ల్యాండ్ కలిపి 5 మానాతో, ఆటాక్‌లో 5, ఫ్లింగ్‌తో 5 కలిపి ఒకే టర్న్‌లో 10. అంటే జూనియర్ సగం ప్రాణం అతని డ్రాగన్‌తోనే తీసేసినట్టు.

అయితే ఫ్లింగ్, విలేజ్ రైట్స్ రెండూ ఒక్కసారి వాడి పారేసేవి. గట్టి డెక్‌లు టేబుల్ మీద నిలిచి ఉండే బలిపీఠాలను నమ్ముకుంటాయి. ‘విస్సెరా సీర్’, ‘గోబ్లిన్ బొంబార్డ్‌మెంట్’, ‘ఆష్నాడ్స్ ఆల్టర్’ లాంటివాటికి బలి ఇవ్వడానికి మానా అక్కర్లేదు, ఎన్నిసార్లయినా ఇవ్వొచ్చు. ఆష్నాడ్స్ ఆల్టర్ ఒక్కో బలికి 2 మానా వెనక్కి ఇస్తుంది కాబట్టి యాక్ట్ అసలు ఖర్చు 3 నుంచి 1కి దిగినట్టే. ఇలాంటిది ఒకటి టేబుల్ మీద కనిపిస్తుంటే ఎదుటివారు పెద్ద క్రీచర్‌ను దించడానికే జంకుతారు. దొంగ కార్డు చేతిలో ఉందో లేదో తెలియకపోయినా ఆ టెన్షన్ పనిచేస్తుంది.

బలి ఇచ్చినా లాభం లేని క్రీచర్లూ ఉన్నాయి. ‘కిచెన్ ఫింక్స్’కు పర్సిస్ట్ అనే గుణం ఉంది. మొదటిసారి చస్తే తిరిగి లేస్తుంది, లేచేది ఓనరు కంట్రోల్‌లోనే, పైగా ఓనరుకు 2 లైఫ్ ఇస్తూ. దాన్ని లాక్కుని చంపడం ఎదుటివారికి ఉపకారం చేయడమే. ‘వర్మ్‌కాయిల్ ఇంజిన్’ దీనికి పూర్తిగా ఎదురు. అది చచ్చినప్పుడు రెండు 3/3 టోకెన్లు (డెక్‌లో కార్డు లేకుండా ఆటలోనే పుట్టే క్రీచర్లు) వస్తాయి, ఆ టోకెన్లు దక్కేది చచ్చే క్షణంలో కంట్రోలర్‌గా ఉన్నవారికి. అలాంటిదాన్ని లాక్కుని బలి ఇచ్చినవారికి రెండు క్రీచర్లు మిగులుతాయి, ఓనరుకు గ్రేవ్‌యార్డ్‌లో కార్డు మిగులుతుంది.

బాడుగకు తీసుకుని పట్టా చేయించుకోవడం

పడగొట్టడం కాదు, ఉంచేసుకుంటానంటే? దానికీ దారి ఉంది. ఇక్కడ మొత్తం వ్యవహారం కార్డు మీది ఒక్క మాట మీద తిరుగుతుంది.

క్రీచర్‌ను ఎగ్జైల్ చేసి (టేబుల్ మీంచి పక్కకు తీసేసి) వెంటనే తిరిగి తెచ్చే కార్డులను ఆటగాళ్లు ‘ఫ్లికర్’ అంటారు. ఒక కార్డు టేబుల్ వదిలి మళ్లీ వస్తే ఆటకు అది కొత్త వస్తువు. పాత టార్గెట్‌లు, పాత గడువులు దాన్ని అంటవు. యాక్ట్ ఆఫ్ ట్రీజన్ గడువు కూడా అంతే. ఇక తేలాల్సింది అది ఎవరి కంట్రోల్‌లోకి తిరిగి వస్తుందన్నదే. 1 మానా తెల్ల కార్డు ‘క్లౌడ్‌షిఫ్ట్’ మీద ‘నీ కంట్రోల్‌లో’ అని ఉంటుంది. అదే ధరకు వచ్చే, అదే రంగు ‘ఎఫెమరేట్’ మీద ‘ఓనరు కంట్రోల్‌లో’ అని ఉంటుంది. లాక్కున్న డ్రాగన్ మీద మొదటిది వేస్తే అది ఉండిపోతుంది, రెండోది వేస్తే అదే నిమిషం జూనియర్ దగ్గరికి పోతుంది. రెంటినీ ఒకే రకం కార్డులని డెక్‌లో పెట్టుకున్నవారికి ఈ తేడా ఆట మధ్యలో తెలిసి వస్తుంది.

‘కంజురర్స్ క్లాజెట్’ ఇంకా నింపాదిగా పనిచేస్తుంది. మన ప్రతి టర్న్ చివర, ఎండ్ స్టెప్ మొదట్లో, మన కంట్రోల్‌లో ఉన్న ఒక క్రీచర్‌ను ఎగ్జైల్ చేసి మన కంట్రోల్‌లోనే తిరిగి తెస్తుంది. టర్న్ చివరే కదా యాక్ట్ గడువు కూడా ముగిసేది, మరి ఏది ముందు? ఎండ్ స్టెప్ ముందు, ఆ తర్వాత క్లీనప్ స్టెప్. ‘టర్న్ ముగిసేదాకా’ అని రాసినవన్నీ తీరిపోయేది క్లీనప్‌లో. రూల్ పుస్తకంలో 514.2 చెప్పేది ఇదే. కాబట్టి క్లాజెట్‌కు సమయం దొరుకుతుంది. ప్రతి టర్న్ ఒక యాక్ట్ వేయగలిగితే ఎదుటివారి టేబుల్ నెమ్మదిగా ఇటు తరలివస్తుంది. లాక్కున్నది టోకెన్ అయితే మాత్రం ఈ పని చేయకూడదు. టోకెన్ టేబుల్ వదిలితే తిరిగి రాదు, అంతటితో సరి.

తన ఇంటికి తనే కన్నం

దొంగ కార్డులతో వచ్చిన పేరున్న కాంబోల్లో ఒకదానిలో ఎదుటివారి నుంచి లాక్కునేది ఏదీ ఉండదు. 2012 నాటి ‘జెలస్ కాన్‌స్క్రిప్ట్స్’ 5 మానా, 3/3, హేస్ట్ ఉన్న క్రీచర్. టేబుల్ మీదికి వస్తూనే ఏదైనా ఒక పర్మనెంట్‌ను (టేబుల్ మీద నిలిచి ఉండే కార్డును) టర్న్ ముగిసేదాకా లాక్కుని, దాన్ని అన్‌ట్యాప్ చేసి హేస్ట్ ఇస్తుంది. ‘ఏదైనా’ అంటే మనది కూడా. 2004 నాటి ‘కికి-జికి, మిర్రర్ బ్రేకర్’ తను ట్యాప్ అయి మన క్రీచర్లలో ‘లెజెండరీ’ అని రాసి లేనిదానికి హేస్ట్ ఉన్న నకలు టోకెన్ చేస్తుంది.

కికి-జికి కాన్‌స్క్రిప్ట్స్‌కు నకలు చేస్తే ఆ నకలు వస్తూనే కికి-జికినే ‘లాక్కుని’ అన్‌ట్యాప్ చేస్తుంది. కికి-జికి మళ్లీ నకలు చేస్తుంది. ఆపే లెక్కే లేదు. అడ్డు లేకపోతే 20 లైఫ్ తీయడానికి 7 నకళ్లు చాలు, 7 మూళ్లు 21. లాక్కోవడం ఇక్కడ వట్టి నెపం, అసలు పని చేస్తున్నది అన్‌ట్యాప్. కాంబోను తెంచాలంటే అన్‌ట్యాప్ చేసే శక్తి అమలయ్యేలోపు కికి-జికిని చంపాలి. కాన్‌స్క్రిప్ట్స్ నకళ్లను ఒక్కొక్కటే చంపుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

గడువులు: పూట బాడుగ, గుత్త, క్రయం

చిత్తూరు వైపు మామిడి తోటల సంగతి తెలిసినవారికి ఈ భాగం తేలిక. తోటను ఒక సీజన్‌కు గుత్తకు ఇవ్వడం వేరు, క్రయం రాసివ్వడం వేరు. క్రీచర్‌ను లాక్కునే కార్డులూ అంతే. యాక్ట్ ఆఫ్ ట్రీజన్ ఒక పూట బాడుగ.

2007 నాటి ‘సోవర్ ఆఫ్ టెంప్టేషన్’ వచ్చినప్పుడు ఒక క్రీచర్‌ను లాక్కుంటుంది. గడువు ‘సోవర్ టేబుల్ మీద ఉన్నంతకాలం’. 2011 నాటి ‘ఒలీవియా వోల్డారెన్’ 2 మానాతో క్రీచర్‌కు 1 డ్యామేజ్ చేసి దాన్ని వ్యాంపైర్‌గా మారుస్తుంది, 5 మానాతో వ్యాంపైర్‌ను లాక్కుంటుంది. ఆమె గడువు ‘ఒలీవియా నీ కంట్రోల్‌లో ఉన్నంతకాలం’. చదవడానికి రెండూ ఒకటేలా ఉన్నాయి. కానీ జూనియర్ ఒలీవియాతో సీనియర్ క్రీచర్లను రెండు లాక్కున్నాడని, సీనియర్ యాక్ట్‌తో ఒలీవియానే ఒక టర్న్ లాక్కున్నాడని అనుకుంటే తేడా బయటపడుతుంది. ఒలీవియా జూనియర్ కంట్రోల్ దాటిన క్షణంలోనే అతని గుత్త రద్దు. రెండు క్రీచర్లూ సీనియర్ దగ్గరికి వస్తాయి. టర్న్ అయ్యాక ఒలీవియా జూనియర్ దగ్గరికి తిరిగిపోయినా ఆ క్రీచర్లు మళ్లీ పోవు. ఒకసారి ముగిసిన గడువు మళ్లీ మొదలుకాదు. అదే ఒలీవియా స్థానంలో సోవర్ ఉంటే, సీనియర్ దాన్ని లాక్కున్నంత మాత్రాన జూనియర్ పట్టు సడలదు. సోవర్ ఎవరి చేతిలో ఉన్నా టేబుల్ మీదే ఉంది కదా. సీనియర్ దాన్ని బలి ఇస్తే అప్పుడు క్రీచర్ వెనక్కి వస్తుంది.

సోవర్ వచ్చిన వెంటనే, లాక్కునే శక్తి అమలుకాకముందే, దాన్ని చంపేస్తే లాక్కోవడం ఒక్క క్షణం కూడా జరగదు. మొదలయ్యేలోపే ముగిసిపోయిన గడువు చెల్లదు.

ఇక క్రయం. 2019లో వచ్చిన ‘ఏజెంట్ ఆఫ్ ట్రెచరీ’ 7 మానా క్రీచర్. టేబుల్ మీదికి రాగానే ఒక పర్మనెంట్‌ను లాక్కుంటుంది, గడువు అన్న ఊసే ఉండదు. ల్యాండ్‌నైనా సరే లాక్కోవచ్చు. ఏజెంట్ చచ్చినా లాక్కున్నది వెనక్కి రాదు. 7 మానా నిజంగా కట్టి వేసినంతకాలం ఇది మామూలు కార్డే. 2020లో ‘లుక్కా, కాపర్‌కోట్ అవుట్‌కాస్ట్’ వచ్చాక పరిస్థితి మారింది. లుక్కా ఒక చిన్న క్రీచర్‌ను ఎగ్జైల్ చేసి డెక్‌లోంచి అంతకంటే ఖరీదైన క్రీచర్‌ను ఉచితంగా దించుతాడు. ఏజెంట్ ముందుగానే దిగి, ఫ్లికర్ అయినప్పుడల్లా ఇంకొకటి లాక్కుంటూ పోయింది. 2020 జూన్ 1న స్టాండర్డ్ ఫార్మాట్‌లో (ఇటీవలి సెట్ల కార్డులతో ఆడే పద్ధతిలో) ఏజెంట్‌ను నిషేధించారు. కార్డు బలం దాని మీద రాసిన ధరలో కాదు, దాన్ని దించడానికి నిజంగా అయ్యే ఖర్చులో ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

1998 నాటి ‘గిల్డెడ్ డ్రేక్’ది బదిలీ పద్ధతి. 2 మానాకు ఎగిరే 3/3 వస్తుంది, వస్తూనే ఎదుటివారి క్రీచర్‌తో చేతులు మారుతుంది. మార్పిడికి గడువు లేదు. మార్పిడి కుదరకపోతే డ్రేక్‌ను బలి ఇవ్వాలి. ఎదుటివారు తెలివిగా టార్గెట్ అయిన క్రీచర్‌ను ముందే బలి ఇచ్చేస్తే డ్రేక్ కూడా పోతుంది.

కత్తి ఎవరిది, కార్డులు ఎవరికి

లాక్కున్న క్రీచర్‌కు తగిలించిన ఆరాలు, ఎక్విప్‌మెంట్‌ల (కత్తిలాంటి సామాను కార్డుల) గురించి చాలా వాదనలు వస్తాయి. క్రీచర్‌తో పాటు అవి కూడా వచ్చేస్తాయనుకోవడం పొరపాటు. అవి క్రీచర్‌కే అంటుకుని ఉంటాయి, వాటి కంట్రోలర్ మారడు. కత్తి ఇచ్చే పవర్ డ్రాగన్‌కు ఇంకా వస్తుంది, కానీ దాన్ని తీసి ఇంకో క్రీచర్‌కు తగిలించే హక్కు జూనియర్‌దే. డ్రాగన్‌కు జూనియర్ ‘స్కల్‌క్లాంప్’ తగిలించి ఉంటే కథ ఇంకా సరదాగా ఉంటుంది. తగిలించిన క్రీచర్ చస్తే రెండు కార్డులు ఇస్తుంది అది. సీనియర్ డ్రాగన్‌ను బలి ఇస్తే ఆ రెండు కార్డులు జూనియర్‌కే. వర్మ్‌కాయిల్‌కు చెప్పిన సూత్రమే ఇక్కడ తిరగబడినట్టు కనిపిస్తుంది, నిజానికి తిరగబడలేదు. శక్తి ఏ కార్డు మీద రాసి ఉందో ఆ కార్డు కంట్రోలర్‌కే ఫలితం.

కంబాట్ మధ్యలో కంట్రోల్ మారితే క్రీచర్ ఆ కంబాట్‌లోంచి తప్పుకుంటుంది. యాక్ట్ సోర్సరీ కాబట్టి దాంతో ఈ పరిస్థితి రాదు. 1995 నాటి ‘రే ఆఫ్ కమాండ్’ ఇన్‌స్టంట్, అంటే ఎదుటివారి టర్న్‌లో, కంబాట్ మధ్యలో కూడా వేయగలిగేది. ఆటాక్‌కు వచ్చిన క్రీచర్‌ను లాక్కుంటే అది ఆటాక్‌లోంచి తప్పుకోవడమే కాదు, అన్‌ట్యాప్ కూడా అవుతుంది కాబట్టి తన పక్కనే వచ్చిన ఇంకో క్రీచర్‌ను బ్లాక్ చేయగలదు. ఆటలో ఇంతకంటే కడుపుమంట పుట్టించే మలుపులు తక్కువ.

హెక్స్‌ప్రూఫ్ (ఎదుటివారు టార్గెట్ చేయకుండా కాపాడే గుణం) ఉన్న క్రీచర్‌ను యాక్ట్ టార్గెట్ చేయలేదు. ‘ఇన్‌సరెక్షన్’ ఎవరినీ టార్గెట్ చేయదు. 8 మానాకు టేబుల్ మీదున్న క్రీచర్లన్నిటినీ ఒక టర్న్ తీసేసుకుంటుంది, హెక్స్‌ప్రూఫ్ ఉన్నవాటితో సహా.

నలుగురు కూర్చున్నప్పుడు

కమాండర్ ఫార్మాట్‌లో తలా 100 కార్డుల డెక్, 40 లైఫ్‌తో నలుగురు ఆడడం మామూలు. దొంగ కార్డుల చిక్కులు ముదిరేది ఇక్కడే. ఒకరు డ్రాగన్ మీద కంట్రోల్ మ్యాజిక్ వేశారు, మరొకరు అదే డ్రాగన్‌ను యాక్ట్‌తో లాక్కున్నారు. టర్న్ ముగిశాక అది పోయేది ఓనరు దగ్గరికి కాదు, కంట్రోల్ మ్యాజిక్ వేసినవారి దగ్గరికి. రెండు పట్లు ఒకదాని మీద ఒకటి ఉంటే తాజాది గెలుస్తుంది, అది తీరిపోగానే కింద ఉన్నది మళ్లీ పనిచేస్తుంది.

ఈ ఫార్మాట్‌లో డెక్‌కు నాయకుడిగా పెట్టుకునే క్రీచర్‌ను కమాండర్ అంటారు. లాక్కున్న కమాండర్ ఇంకా కమాండరే. ఒకే కమాండర్ నుంచి 21 కంబాట్ డ్యామేజ్ తిన్నవారు ఓడిపోతారన్న నియమం దాని ఓనరుకూ వర్తిస్తుంది, అంటే తన కమాండర్ చేతిలోనే ఓడిపోవచ్చు. ఇంకో సంగతి పెద్దగా ఎవరూ లెక్కవేయరు. యాక్ట్‌తో లాక్కుని ఆటాక్ చేసిన క్రీచర్ ఓనరు దగ్గరికి ట్యాప్ అయ్యే తిరిగిపోతుంది. ఇద్దరే ఆడేటప్పుడు వెంటనే ఓనరు టర్న్ వచ్చి అన్‌ట్యాప్ అవుతుంది, నష్టం లేదు. నలుగురిలో మధ్యలో వేరేవారి టర్న్ ఉంటే ఓనరు బ్లాకర్ లేకుండా దొరికిపోతాడు.

ఒక ఆటగాడు ఓడి లేచిపోతే? అతని కార్డులన్నీ, అవి ఎవరి చేతిలో ఉన్నా, అతనితో పాటే పోతాయి. అతను కంట్రోల్ మ్యాజిక్, ఏజెంట్ లాంటివాటితో లాక్కున్నవి ఓనర్ల దగ్గరికి తిరిగి వస్తాయి. క్లౌడ్‌షిఫ్ట్‌తో ఉంచేసుకున్నవి మాత్రం రావు, ఎగ్జైల్ అవుతాయి. అవి అతని కంట్రోల్‌లోనే కొత్తగా టేబుల్ మీదికి వచ్చినవి కాబట్టి రద్దు చేయడానికి అక్కడ ఏ పట్టూ లేదు. 800.4ఎ నియమం ఇది. అప్పటిదాకా ‘వాడు ఓడిపోతే నాది నాకొస్తుంది’ అని ఎదురుచూసినవారికి ఇది మింగుడుపడదు.

వేసవిలో చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ద్రౌపది గుళ్ల దగ్గర భారతం జరిగేటప్పుడు గోగ్రహణం ఘట్టం ఆడతారు. మందను తోలుకుపోయింది కౌరవులు, ఆవులు విరాటుడివి, మళ్లించి తెచ్చింది అర్జునుడు. మ్యాజిక్‌లో అర్జునుడి పని చేసే కార్డు ‘హోమ్‌వర్డ్ పాత్’ అనే ల్యాండ్. ట్యాప్ చేస్తే ప్రతి ఆటగాడికీ తను ఓనరుగా ఉన్న క్రీచర్లన్నీ తిరిగి వస్తాయి. యాక్ట్‌తో పోయినవైనా, క్లౌడ్‌షిఫ్ట్‌తో పోయినవైనా తేడా చూడదు. దొంగ డెక్ ఉన్న టేబుల్‌లో ల్యాండ్ స్థానం ఒకటి దీనికి ఇవ్వడం తెలివైన పని.

ఫోన్ చెప్పనిది

ఈ ప్రశ్నలు ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి ఒక కారణం ఆట నేర్చుకునే పద్ధతి. 2021లో మ్యాజిక్ డిజిటల్ రూపమైన ఎం.టి.జి. ఎరీనా ఫోన్లకు వచ్చింది. అందులో ఎవరు కంట్రోలర్, ఎవరు ఓనరు, ఏ స్టెప్‌లో ఏ గడువు తీరుతుంది అన్నది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. క్రీచర్ స్క్రీన్ మీద అటు పోయి ఇటు వస్తుంది, ఎందుకని అడిగే పని ఉండదు. నలుగురు కలిసి ఆడే కమాండర్ అందులో లేదు కాబట్టి ఆటగాడు లేచిపోతే ఏమవుతుందన్న ప్రశ్నే రాదు. అలా నేర్చుకున్నవారు నిజం కార్డులతో కూర్చున్నప్పుడు సాఫ్ట్‌వేర్ చేసిన పనంతా తామే చేయాలి.

నిజం కార్డులతో ఇంకో చిన్న ఇబ్బంది ఉంది, దానికి రూల్ పుస్తకంలో జవాబు లేదు. లాక్కున్న డ్రాగన్ సీనియర్ వైపు పడి ఉంటుంది. కరెంటు పోతుందనో, మెస్ మూసేస్తారనో ఆట మధ్యలో ఆపి కార్డులు ఊడ్చుకుంటే అది సీనియర్ డబ్బాలోకి పోతుంది. అందుకే అలవాటున్న ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రంగు స్లీవ్‌లు (కార్డు తొడుగులు) వాడతారు, లాక్కున్న కార్డును అడ్డంగా కాకుండా ఓనరు వైపు తల తిప్పి పెడతారు. ఎర్ర స్లీవ్‌ల కట్టలో ఒక నీలం స్లీవ్ కనిపిస్తే, అది ఎవరిదో అడగకుండానే తెలుస్తుంది.